ముల్లుతో సహా

రామ్‌కిషన్ సెలవు మీద ఇంటికి వచ్చాడన్న సంగతి అతని ముఖం కనిపించకముందే వీధికి తెలిసిపోయేది. బొంబాయి నుంచి హైదరాబాద్ పోయే బస్సు జహీరాబాద్‌లో ఆగగానే, దారి పొడుగునా వాసనకు సణుగుతూ వచ్చిన కండక్టరు పైకెక్కి ఒక రేకు డబ్బాను కిందికి అందించి చేతులు ప్యాంటుకు తుడుచుకునేవాడు. డబ్బా నిండా ఎండు చేపలు. వేలెడంత పొడుగు, వెండి రంగు, ఒక్కోటి కాగితంలా పలచగా ఎండి ఉండేది. డబ్బా భుజాన పెట్టుకుని అతను సందు మలుపు తిరిగేసరికి వెనక రెండు పిల్లులు, ముందు నలుగురైదుగురు పిల్లలు. తల్లి హనుమమ్మ గడపలోనే మూత తీసి పక్కింటి ఖాతూన్‌కు ఒక చాటెడు, ఎదురింటి నారమ్మకు ఒక చాటెడు, ఆపైన అడిగిన వాళ్లకూ అడగని వాళ్లకూ తలా ఇంత పంచి, అప్పుడు గానీ కొడుకుకు మంచినీళ్లు ఇచ్చేది కాదు.

అతను పుట్టింది ఝరాసంగం దగ్గరి పల్లెలో. జొన్న, కంది తప్ప మరో పంట ఎరగని నేల. తండ్రి పోయాక తల్లి పొలం కౌలుకిచ్చి, కొడుకు చదువు కోసమని జహీరాబాద్‌లో ఇల్లు తీసుకుంది. హైదరాబాద్‌లో బీఎస్సీ కెమిస్ట్రీ పూర్తి చేసి రెండేళ్లు ఖాళీగా తిరిగాడు. డెబ్బై మూడులో, పత్రికలో ప్రకటన చూసి దరఖాస్తు పెడితే, పడమటి సముద్రం ఒడ్డున ఒక ప్రయోగశాలలో సహాయకుడి పని దొరికింది. సముద్రాన్ని చూడటం అదే మొదలు. అప్పటికి అతనికి ఇరవై నాలుగేళ్లు.

ఆ ఒడ్డున అణుశక్తి కేంద్రం ఒకటి ఉండేది. దాని యంత్రాలను చల్లబరిచిన నీళ్లు ఒక కాలువ గుండా సముద్రంలో కలిసేవి. ఆ నీళ్ల వెంట రేడియోధార్మికత ఎంత పోతోంది, సముద్రపు నీటిలో ఎంత మిగులుతోంది, ఒండ్రులో, నాచులో, చేపల్లో ఎంత చేరుతోంది అని కొలిచి రాసి పైకి పంపడం ప్రయోగశాల పని. రామ్‌కిషన్ పని అందులో మొదటి మెట్టు. వారానికోసారి జీపులో పోయి కాలువ మూతి దగ్గర నీళ్లు, చేపలు పట్టుకు రావాలి. ఒడ్డు వెంట ఇంకో నాలుగు చోట్లకు నెలకోసారి. తెచ్చిన చేపలను కడిగి, తల కోసి, పొట్ట చీల్చి పేగు తీసి, ముల్లు ఊడదీసి, అవన్నీ పక్కనున్న బకెట్‌లో వేయాలి. మిగిలిన మాంసాన్ని తూచి, ఆరబెట్టి, కొలిమిలో తెల్లని బూడిద అయ్యేదాకా కాల్చాలి. ఆ బూడిదను సీసపు ఇటుకల మధ్య పెడితే అందులోని రేడియోధార్మికతను యంత్రం లెక్కపెడుతుంది. ఫారంలో ఆ బూడిదకు ఒక గడి ఉండేది. దాని పైన ‘తినే భాగం’ అని అచ్చు వేసి ఉండేది. ఆ గడిలో పడే అంకె, తినవచ్చని సర్కారు పెట్టిన హద్దుకు ఎప్పుడూ చాలా కిందనే ఉండేది. బకెట్‌లోది సాయంత్రం కుక్కలకు పోయేది.

మొదటి నుంచీ అతనిది భయస్తుడి స్వభావం. తల్లి దగ్గరే ఉంటున్న భార్య సుగుణమ్మ కడుపుతో ఉందని ఉత్తరం వచ్చిన నాటి నుంచి అది రెట్టింపయింది. నీళ్లు కాచి వడగట్టమని రాశాడు. సంతలో కోసి పెట్టిన పుచ్చకాయ ముట్టవద్దని రాశాడు. జహీరాబాద్ అంగట్లో అమ్మే ఎండు చేపలు ఎక్కడివో, ఎన్నాళ్లవో, ఏం చల్లి నిలవ ఉంచారో ఎవరికీ తెలియదు కనుక అవి కొనొద్దని, చేపలు తానే తెస్తానని రాశాడు. ఈ దేశంలో ఎన్ని కోట్ల మంది చేపలు తింటారో, వాళ్లలో ఎవరు తినే చేపకూ పరీక్ష కాగితం లేదు. తాను తెచ్చే వాటికి ఉంది. అందులోనూ కాలువ మూతి దగ్గరి చేపలకు వారం వారం ఉంది. అక్కడ నీళ్లు గోరువెచ్చగా ఉండటంతో చేపలు గుంపులుగా చేరేవి, జాలర్లూ అక్కడే వల వేసేవారు. కొలవని చేప కంటే కొలిచిన చేప మేలని అతను లెక్క వేసుకున్నాడు. ఆ వారం అంకె చూసుకుని, హద్దుకు లోపల ఉందని రూఢి చేసుకుని, అదే చోట పట్టి ఒడ్డున ఎండేసిన చేపలు కొని డబ్బాలో నింపేవాడు. ఇంత జాగ్రత్త చదువుకున్న వాడికే సాధ్యమని లోలోపల కొంచెం గర్వం కూడా ఉండేది.

ఇంటి దగ్గర ఆ చేపలను సుగుణమ్మ పెనం మీద నూనె లేకుండా ఎర్రగా వేయించేది. ఎండుమిరపకాయలు, ఎల్లిపాయ, చింతపండు వేసి రోట్లో దంచేది. తల, తోక, ముల్లు, పేగు ఏదీ తీసే పని లేదు. అంత చిన్న చేపలో ఏం తీస్తారు? జొన్నరొట్టె మీద ఆ తొక్కు పెట్టుకుంటే కూర అక్కరలేదు. సెలవుకు వచ్చినప్పుడు రామ్‌కిషన్ కూడా రెండు రొట్టెలు ఎక్కువే తినేవాడు. డెబ్బై ఏడు ఫిబ్రవరిలో కొడుకు ఇంద్రసేన పుట్టాడు. బాలింతకు పథ్యం ముగియగానే హనుమమ్మ మళ్లీ తొక్కు పెట్టింది. పిల్లవాడికి అన్నం ముట్టించాక మిరపకాయ లేకుండా వట్టి చేపల పొడి మెత్తగా దంచి, జల్లెడ పట్టి, వేడి అన్నంలో నెయ్యితో కలిపి పెట్టేది. మనవడికి చాలీచాలక ఏడుపు వస్తే ఇంకో ముద్ద.

“తిననియ్యి బిడ్డా, బొక్కలు గట్టిపడ్తయ్” అనేది కోడలితో.

ఖాతూన్ ఆ మాట విని తన పిల్లలకూ అలాగే చేసింది. ఆమె భర్త ఖాజా బొంబాయి రోడ్డు మీద లారీ నడిపేవాడు, ఇంట్లో ఉండే రోజులు తక్కువ. పెద్దది కులసుం ఇంద్రసేన కంటే నెల చిన్నది. తర్వాత ఇద్దరు మగపిల్లలు. నాలుగేళ్ల పాటు ఆ సందులో పుట్టిన ప్రతి పిల్ల తల్లి కడుపులో ఉండగానో, పాలు తాగుతూనో, అన్నం ముద్దలోనో రామ్‌కిషన్ డబ్బా రుచి చూసింది.

ఎనభై ఒకటిలో ప్రయోగశాలకు పుణె నుంచి ఒక యువతి శాస్త్రవేత్తగా వచ్చింది. రాగానే కుర్చీలో కూర్చోకుండా జాలరుల గుడిసెల వెంట తిరిగి ఎవరు ఏం తింటున్నారో రాసుకుంది. వారం తర్వాత రామ్‌కిషన్ చేపలు కోస్తుండగా వచ్చి బకెట్‌లోకి తొంగి చూసింది. దీన్ని ఎవరు తింటారని అడిగింది. కుక్కలని అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. ముళ్లను వేరుగా కాల్చి బూడిద చేయమంది. స్ట్రాన్షియం అనే పదార్థం ఒంట్లో సున్నం లాగా నడుస్తుందని, చేపలో అయినా మనిషిలో అయినా పోయి ఎముకలోనే కూర్చుంటుందని, మాంసం ఒక్కటే కొలిస్తే అది కనిపించదని చెప్పింది. ఇదంతా రామ్‌కిషన్ చదువుకున్నదే. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే.

ముళ్ల బూడిద లెక్క మూడో రోజుకు వచ్చింది. మాంసంలో కంటే ముప్పై రెట్లు ఉంది. ఆమె ఆ అంకె కింద గీత గీసి, ఫరవాలేదు, ముల్లు ఎవరూ తినరు కదా, తినేవాళ్లుంటే చెప్పాలి అంది. గుడిసెల్లో ముసలమ్మలు చిన్న చేపలను నములుతారని విన్నానంది. మీ వైపు ఈ చిన్న చేపలు ఎట్లా తింటారని మాటవరసకు అడిగింది.

అతనికి ఆ ప్రశ్న ఇష్టమైనది. పెనం ఎంత వేడెక్కాలో చెప్పాడు. చింతపండు ఎప్పుడు వేయాలో చెప్పాడు. మా అమ్మ రోట్లో దంచుతుందని, పిల్లలకైతే జల్లెడ కూడా పడుతుందని, తల, తోక, ముల్లుతో సహా అని చెప్పబోయి, ‘ముల్లుతో’ దగ్గర ఆగిపోయాడు. చేతిలో కత్తి అలాగే ఉంది. ఎనిమిదేళ్లుగా ప్రతి వారం తన చేత్తో ముల్లు తీసి బకెట్‌లో వేస్తున్నాడు. సెలవు వచ్చిన ప్రతిసారీ అదే ముల్లును రొట్టెలో పెట్టుకుని తింటున్నాడు. ఈ రెండూ ఒక్కనాడు కూడా అతని తలలో ఒకచోట కలవలేదు.

ఆమెకు అర్థమైంది. కాగితం తీసి ఎన్నాళ్లు, రోజుకు ఎంత అని అడిగి పెద్దవాళ్లకు లెక్క వేసి చూపింది. పెద్ద అంకె కాదు. పిల్లవాడికి అని అడిగాడు. పెరిగే ఎముకకు వేరే లెక్క కావాలి, మన పట్టికలో రెండేళ్ల లోపు పిల్లలు లేరు అంది. వాళ్లకు ఎవరూ ఎండు చేప పెట్టరని అనుకుని పట్టిక చేశారు అంది.

ఆ నెల అతను డబ్బా లేకుండా ఇంటికి వచ్చాడు. ఇంట్లో పాతది సగం డబ్బా మిగిలి ఉంది. తల్లి బావి దగ్గర ఉన్న సమయం చూసి దాన్ని సైకిల్‌కు కట్టుకుని ఊరి బయట చెరకు తోటల అవతల గుంత తీసి పూడ్చి వచ్చాడు. హనుమమ్మ వారం రోజులు తిట్టింది. పురుగు పట్టిందని, అందుకే పాతిపెట్టానని అబద్ధం చెప్పాడు. పురుగు పడితే ఎండలో పోస్తారు గాని పాతిపెడతారా అని ఆమె మళ్లీ తిట్టింది.

మరుసటి ఏడు ఉద్యోగం మానేసి వచ్చి జహీరాబాద్‌లోనే ఒక చిన్న ప్రైవేటు బడిలో సైన్సు చెప్పడానికి చేరాడు. సర్కారు జీతం వదులుకుని వచ్చినవాడిని చూసి జనం జాలిపడ్డారు, వెక్కిరించారు. అతను ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పడానికి ఏముంది? నిశ్చయంగా తెలిసింది ఏదీ లేదు. అంకె ఉందేమో, లేదేమో. హాని జరుగుతుందేమో, జరగదేమో. రుజువు లేని భయాన్ని వీధి మీద పోయడం చదువుకున్నవాడి పని కాదని తనకు తాను చెప్పుకున్నాడు. అది సగం నిజం. మిగతా సగం, ఖాతూన్ ముఖం చూసి ఆ మాట అనగల ధైర్యం లేకపోవడం.

భయం మాత్రం రోజూ లేచేది. ఇంద్రసేన కాలు నొస్తుందంటే అందరు పిల్లలకూ నొచ్చినట్లే నొస్తుందని అనుకోలేకపోయేవాడు. ముక్కు నుంచి నెత్తురు కారితే ఎండదెబ్బ అని తల్లి ఉల్లిపాయ వాసన చూపించేలోపు ఇతను రిక్షా పిలిచేవాడు. ఏడాదికి రెండుసార్లు హైదరాబాద్ తీసుకుపోయి రక్తపరీక్ష చేయించేవాడు. ఎందుకని డాక్టరు అడిగితే బలహీనత అనేవాడు. ఇంకో బిడ్డ వద్దన్నాడు. సుగుణమ్మ నెమ్మదిగా అడిగింది, ఏడ్చి అడిగింది, చివరికి అడగడం మానింది. తల్లి పాలలోకి తల్లి ఎముకే కరిగి వస్తుందని అతనికి తెలుసు. ఆ ఎముకలో ఏముందో తెలియదు.

“ఆ ఒడ్డుకు ఎవతో ఉండే. గందుకే ఇల్లు చేదైంది” అని హనుమమ్మ నారమ్మతో అంటుంటే సుగుణమ్మ వినీ విననట్లు ఊరుకుంది.

ఎనభై మూడు చివర ఇంద్రసేనకు ముందు పన్ను కదిలింది. ఆ ఊగుతున్న పన్ను చూస్తూనే రామ్‌కిషన్‌కు పుణె అమ్మాయి ఎప్పుడో చెప్పిన సంగతి గుర్తుకు వచ్చింది. పాలపళ్లు తల్లి కడుపులోనే రూపు కడతాయని, తల్లి ఆ రోజుల్లో తిన్నది అందులో రాసిపెట్టినట్లు ఉండిపోతుందని, పరదేశంలో పాలపళ్లు పోగుచేసి కొలిచారని. బతికున్న పిల్లవాడి ఎముక కోసి చూడలేం. ఊడిన పన్నును చూడవచ్చు. పన్ను ఊడిన పూట అతను బడిలో ఉన్నాడు. వచ్చేసరికి హనుమమ్మ అలవాటు ప్రకారం దాన్ని ఇంటి కప్పు మీదికి విసిరేయించింది. అతను నిచ్చెన వేసుకుని పైకెక్కి, మోకాళ్ల మీద పాకుతూ, పెంకుల సందుల్లో వేళ్లు పెట్టి రెండు గంటలు వెతికాడు. కింద జనం పోగయ్యారు. బియ్యపు గింజ కంటే కొంచెం పెద్దది, చివర ఎర్రటి చార. దొరికింది.

ఒక పన్నుతో ఏమీ తేలదు. అది అతనికి తెలుసు. యంత్రానికి అందాలంటే పదుల కొద్దీ, వందల కొద్దీ పళ్లు ఒకటిగా కాల్చాలి. బడి పరిశోధన కోసం ఊడిన పళ్లు కావాలని, తెచ్చిన వాళ్లకు పెన్సిల్ ఇస్తానని సందులో పిల్లలకు చెప్పాడు. నెల తిరగకుండా అతనికి పండ్ల సారు అని పేరు పడింది. ఒకడు పెన్సిల్ మీది ఆశతో ఊగని పన్నుకు దారం కట్టి తలుపుకు బిగించి లాగించుకుని నోరంతా నెత్తురు చేసుకున్నాడు. వాడి తల్లి వచ్చి వీధిలో నిలబడి తిట్టిపోసింది. రాయికోడ్‌లో పంతులుగా పనిచేసే జగన్‌మోహన్ అతని పాత స్నేహితుడు. సముద్రపు చేప ఎరగని పల్లె పిల్లల పళ్లు అతని చేత వేరుగా పోగు చేయించాడు. తేడా తెలియాలంటే తినని వాళ్లవీ ఉండాలి.

ఖాతూన్ ఒక్కతే మొదట ఒప్పుకోలేదు. గోరు గాని, వెంట్రుక గాని, పన్ను గాని ఒంటి నుంచి విడిపోయిన దాన్ని మట్టిలో పెట్టాలని వాళ్ల ఇంట్లో పట్టింపు. కులసుం పళ్లు రెండు అప్పటికే పెరట్లో దానిమ్మ చెట్టు కింద పాతిపెట్టింది. రామ్‌కిషన్ రెండుసార్లు అడిగాడు. మూడోసారి అడిగితే, పిల్లలకు చదువు చెప్పే మనిషి ఊరకే అడగడు అనుకుంది కాబోలు. చదువు కోసమైతే తీసుకో భాయ్ అంది. తర్వాత మూడేళ్లలో ముగ్గురు పిల్లలవీ పదకొండు పళ్లు ఇచ్చింది. ప్రతిదాన్నీ ఉప్పునీళ్లతో కడిగి, తెల్లగుడ్డ ముక్కలో చుట్టి, కొంగు తల మీదికి లాక్కుని రెండు చేతులతో ఇచ్చేది.

ఎనభై ఏడు వేసవిలో రెండు పొట్లాలు పుణె అమ్మాయికి పంపాడు. సందువి ఎనభై నాలుగు పళ్లు, రాయికోడ్ వైపువి డెబ్బై. ఆమె అప్పటికి పెద్ద హోదాలో ఉంది, అయినా పాత మనిషిని మరిచిపోలేదు. తీరిక చూసుకుని సొంతంగా చేయించింది. జవాబు రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది.

బడికి సెలవున్న రోజు మధ్యాహ్నం ఉత్తరం వచ్చింది. రామ్‌కిషన్ వాకిట్లో నిలబడే చదివాడు. సందు పిల్లల పళ్లలో లెక్క రాయికోడ్ పిల్లల కంటే ఎక్కువ వచ్చింది. కాని పళ్లు తక్కువ కావడంతో ఆ తేడా యంత్రం పొరపాటు పడగలిగినంత మేరలోనే ఉంది. ఎక్కువ అని చెప్పడానికి వీల్లేదు, ఎక్కువ కాదు అని చెప్పడానికీ వీల్లేదు. తేలాలంటే కనీసం ఇంకో మూడు వందల పళ్లు కావాలి. పంపగలరా అని రాసింది.

పంపలేడు. ఆ డబ్బాలు తిన్న పిల్లలు నిండా ముప్పై మంది లేరు. వాళ్ల పాలపళ్లు చాలావరకు ఊడిపోయాయి. ఇచ్చినవి ఇచ్చారు, పోయినవి కప్పుల మీద, మట్టిలో పోయాయి. ఇక ఆ పిల్లల నోళ్లలో మిగిలిన పాలపళ్లన్నీ కలిపినా మూడు వందలు కావు.

సుగుణమ్మ బియ్యం చాట పక్కన పెట్టి అతన్నే చూస్తోంది. ఎవరు రాసిందని అడిగింది. ఒడ్డున పనిచేసిన ఆమె అని నిజమే చెప్పాడు. ఏడేళ్లుగా అనుమానపడినది ఇప్పుడు ఎదురొచ్చిందనుకుని ఆమె ముఖం రాయి అయింది. అప్పుడు అతను గడప మీద కూర్చుని మొదటి నుంచి చెప్పాడు. అయిపోయాక సుగుణమ్మ అడిగింది.

“నేను దంచిన. అత్తమ్మ జల్లెడ పట్టింది. గంతేనా?”

“తెచ్చింది నేను.”

“వారానికొక ఉత్తరం రాస్తివి. నీళ్లు కాచుమంటివి, పుచ్చకాయ తినకుమంటివి. ముల్లు తీసెయ్యుమని ఒక్క మాట రాస్తే తీసేస్తుంటి కద.”

“నాకు తట్టలే సుగుణా. ఇంటికొచ్చి నేను గూడ గదే తింటి.”

ఆమె లోపలికి చూసింది. ఇంద్రసేన నేల మీద బోర్లా పడుకుని పటంలో రంగులు నింపుతున్నాడు. పదకొండేళ్లు, వయసుకు పొడుగే.

“వానికి ఏమైతది?”

“ఏం కాకపోవచ్చు.”

“కాదు అని చెప్పు.”

ఒంట్లో చేరింది సగం తగ్గడానికి ఇరవై ఎనిమిదేళ్లు పడుతుందని, చేరింది కొంచెమే అయి ఉండవచ్చని, కొంచెమే అయితే వేలమందిలో ఒకరికి ఏదైనా కావచ్చని, ఆ ఒకరు ఎవరో ముందుగా తెలిసే దారి లేదని చెప్పాడు. ఆమెకు అందులో ఒక్కటే పట్టింది. బిడ్డ వద్దన్నది అందుకేనా అని అడిగింది. అవునన్నాడు. నాకు ముప్పై రెండు దాటినయి, గా మాట అప్పుడే చెప్తే నా ఇష్టం నేను చూసుకుందును కద అంది. గొంతు పెంచలేదు. చాటలో బియ్యం మళ్లీ చేతిలోకి తీసుకుని, ఏరకుండానే పట్టుకు కూర్చుంది.

“ఖాతూన్‌కు నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?” అంది చివరికి.

ఖాతూన్ పెరట్లో బొంత కుడుతోంది. అతని ముఖం చూసి కులసుంను దుకాణానికి పంపించింది. రామ్‌కిషన్ నిలబడే చెప్పాడు. ఆమె సూది గుడ్డకు గుచ్చి ఉంచి వింది. ముందు ఇంద్రసేన బాగున్నాడా అని అడిగింది. బాగున్నాడన్నాడు. నా పిల్లలకు గిప్పుడు దవాఖాన పనేమన్న ఉందా అని అడిగింది. మందు లేదు, ఎముకలోంచి దాన్ని తీసే దారి లేదు, ఏడాదికోసారి చూపించుకుంటే మంచిది అన్నాడు. ఎన్నేళ్లు చూపించాలని అడిగింది. బతికినన్నాళ్లు అన్నాడు.

ఆమె దానిమ్మ చెట్టు వైపు చూసింది.

“శాపలు తెచ్చిననాడు నీకు ఎరుక లేదు కిషన్ భాయ్. నీ కొడుకు గూడ తిన్నడు. దానికి నేను నిన్ను ఏమనను. పండ్లు అడిగిననాడు ఎరుకేనా?”

“ఎరుకే భాబీ.”

“ఎరుకుండి, సదువుల కోసమంటివి.”

ఆమె బొంతను ఒళ్లోంచి తీసి పక్కన పెట్టింది.

“ఆ పండ్లు నాకు వాపస్ ఇయ్యి. మట్టిల పెట్టుకుంట.”

కాల్చి బూడిద చేసి, ఆ బూడిదను ఆసిడ్‌లో కరిగించి కొలిచారని, ఏమీ మిగల్లేదని చెప్పాడు. ఎనిమిదేళ్లు తాను చేసిన పనే అది. ఏ మెట్టులో ఏది మాయమవుతుందో పొట్లం కట్టిన రోజే అతనికి తెలుసు. అది కూడా దాచకుండా చెప్పాడు. ఖాతూన్ కొంగుతో నోరు మూసుకుంది. ఏడుస్తోందనుకున్నాడు. ఏడవడం లేదు. లోపలికి పోయి కులసుం నోటుబుక్కులోంచి మూడు కాగితాలు చింపి తెచ్చి అతని ముందు పెట్టింది.

“దాని పేరేందో రాయి. ఎప్పుడు తిన్నరు, ఎంత తిన్నరు, ఎన్నేండ్లు ఉంటది, గదంత రాయి. ముగ్గురికి మూడు రాయి. రేపు కులసుం పెండ్లయి పోతది, దానికి పిల్లలు పుడ్తరు. గప్పటికి నేను ఉంటనో లేనో. డాక్టర్ అడిగితే అది ఏమని చెప్తది?”

“తెలుగుల రాయాల్నా, ఇంగ్లీషులనా?”

“రెండిట్ల రాయి. తారీఖు ఏసి కింద నీ సంతకం పెట్టు.”

అతను అక్కడే మెట్టు మీద కూర్చుని రాశాడు. పదార్థం పేరు, ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా, తల్లి గర్భంలో ఉండగా, తల్లి పాలు తాగుతుండగా, అన్నంలో, రోజుకు సుమారు ఎన్ని చెంచాలు అన్నీ రాశాడు. చెంచాల దగ్గర ఖాతూన్ గుర్తు చేసుకుని చెప్పింది. నడిపివాడికి ఇష్టమని ఎక్కువ పెట్టేదాన్నని, వాడికి రెండు రాయమని చెప్పింది. కొలతలో తేలిందా అన్న చోట తేలలేదు అని రాశాడు. సంతకాలు పెట్టాడు. ఆమె మూడు కాగితాలూ తీసుకుని, చదవడం రాకపోయినా ఒక్కోటి పైనుంచి కిందిదాకా చూసి, మడిచి, రేషన్ కార్డు ఉన్న పెట్టెలో పెట్టి తాళం వేసింది. పోయిరా అని గాని, కూర్చో అని గాని అనలేదు. మళ్లీ సూది చేతిలోకి తీసుకుంది. అప్పుడే దుకాణం నుంచి వచ్చిన కులసుం సారుకు దండం పెట్టి, రేపు ట్యూషన్ ఉందా అని అడిగింది. జవాబు తల్లి చెప్పింది, లేదని.

రామ్‌కిషన్ ఇంటికి వచ్చేసరికి సుగుణమ్మ పాత నోటుబుక్కు ఒకటి, పెన్ను ఒకటి గడప మీద పెట్టి ఉంచింది. గోడ అవతలి మాటలన్నీ ఆమె విన్నది. మొదటి కాగితం మీద కొడుకు పేరు, పుట్టిన తేదీ తన చేత్తోనే రాసి ఉంచింది. అతను దాని కింద మిగతాది నింపి సంతకం పెట్టాడు. ఆమె దాన్ని తీసుకుని, నోటుబుక్కు అతని చేతికే ఇచ్చి, ఎదురుగా నారమ్మ ఇంటి తలుపు తెరిచే ఉందని చెప్పింది. నారమ్మ ఇంట్లో ఆ చేపలు తిన్న పిల్లలు ఇద్దరు. ఆ తర్వాత మూల మీద నర్సింలు ఇంట్లో నలుగురు. పొద్దు ఇంకా బాగానే ఉంది. అతను చెప్పులు వేసుకుని వీధిలోకి దిగాడు.